పాలలో పంచదార: పార్సీల చరిత్ర, లోకసేవ

"పిట్ట కొంచెం, కూత ఘనం" అని మన పెద్దలు చెబుతూ ఉండేవారు. ఈ సామెతకు ఉదాహరణ చూపమని ఎవరైనా అడిగితే నేను మొట్టమొదట పార్సీల పేరు చెబుతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశమంతటా ఉన్న పార్సీలు 57,264 మంది మాత్రమే. డర్బన్‌లోని పెద్ద క్రీడామైదానం ఒక్కదానిలో దాదాపు అందరూ కూర్చోవచ్చు. అయినా ఓడల నిర్మాణం, ఉక్కు, విద్య, వైద్యం, పత్రికలు, నాటకం, చలనచిత్రం, స్వాతంత్ర్యోద్యమం మొదలైన ఏ రంగం చరిత్ర చదివినా వారి పేర్లు కనిపిస్తాయి.

తెలుగువారి పత్రికలో పార్సీల ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులు అడుగవచ్చు. అందుకు రెండు కారణాలున్నాయి. చెరకు తోటల్లో గిరిమిటి చాకిరీ చేసి జబ్బుపడిన మన పూర్వులకు డర్బన్‌లో మందు ఇచ్చిన ఒక చిన్న ధర్మాసుపత్రి, ఒక పార్సీ వర్తకుని విరాళాల వల్లనే సాధ్యమైంది. మన వారి నెత్తిన పడిన మూడు పౌన్ల పన్నును తొలగించడానికి జరిగిన పోరాటంలో ఆ వర్తకుడే జైలుకు కూడా వెళ్లారు. ఆ ఋణాన్ని తెలుసుకోవడం మన విధి. ఇది మొదటి కారణం. పరాయి గడ్డపై ఒక చిన్న జాతి ఎలా నిలుస్తుంది, ఎలా తరిగిపోతుంది అనే ప్రశ్న మనలను కూడా వేధిస్తున్నది. వెయ్యేళ్లకు పైగా ఆ ప్రశ్నతో బ్రతికిన వారి చరిత్ర మనకు పాఠం కాగలదు. ఇది రెండవ కారణం.

ఇరాను నుండి సంజాను వరకు

పార్సీల మూలస్థానం ఇరాను, అంటే మన పాత గ్రంథాలలోని పారశీక దేశం. వారి ప్రవక్త జరతుష్ట్రుడు. వారి పవిత్ర గ్రంథం అవెస్తా. అహుర మజ్దా అనే ఏకైక దైవాన్ని కొలుస్తారు. అగ్నిని ఆ దైవతేజస్సుకు చిహ్నంగా భావించి ఆలయాలలో ఆరిపోకుండా కాపాడుతారు. మంచి తలంపు, మంచి మాట, మంచి చేత అనే మూడు మాటలలో వారి ధర్మమంతా ఇమిడి ఉన్నది. మనం త్రికరణశుద్ధి అంటామే, దానికి ఇది ఎంతో దగ్గర.

క్రీ.శ. 651లో సాసానియన్ వంశపు చివరి చక్రవర్తి యజ్‌దగర్ద్ మరణంతో ఇరానులో జరతుష్ట్ర మతానికి రాజాశ్రయం పోయింది. అరబ్బుల పాలన స్థిరపడిన తరువాత కొన్ని కుటుంబాలు తమ ధర్మాన్ని కాపాడుకోవడానికి ఓడలెక్కి గుజరాతు తీరానికి వచ్చాయి. 8వ శతాబ్దానికీ 10వ శతాబ్దానికీ మధ్య ఈ వలస జరిగిందని చరిత్రకారులు చెబుతారు. 1600 ప్రాంతంలో ఒక పార్సీ పురోహితుడు పారశీక భాషలో రాసిన 'కిస్సా-ఎ-సంజాన్' అనే పద్యకావ్యం ఈ యాత్రను వర్ణిస్తుంది. వారు ముందు డయ్యూ దీవిలో దిగి, తరువాత సంజాను చేరారట. అక్కడి రాజు జాదీ రాణా వారికి ఆశ్రయమిస్తూ కొన్ని షరతులు పెట్టాడు. తమ మతమేమిటో వివరించాలి. ఈ దేశపు భాష మాట్లాడాలి. స్త్రీలు ఈ దేశపు దుస్తులు ధరించాలి. ఆయుధాలు విడిచిపెట్టాలి. పెళ్లిళ్లు సాయంకాలం వేళ చేసుకోవాలి. వారు అన్నింటికీ ఒప్పుకున్నారు.

ఆ కావ్యంలో లేకపోయినా పార్సీల ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. రాజు వారికి అంచుల దాకా పాలు నింపిన గిన్నె పంపించాడట. మా దేశంలో ఇక చోటు లేదని దాని అర్థం. వారి పెద్ద ఆ పాలలో ఒక చెంచాడు పంచదార కలిపి తిరిగి పంపాడట. పాలు పొంగిపోలేదు, తియ్యనయ్యాయి. మేము మీలో అలాగే కలిసి ఉంటామని దాని జవాబు.

ఇది కథే కావచ్చు. కాని పంచదార పేరు వింటే మన గుండెల్లో ఏదో కలుక్కుమంటుంది. వారు తమను పంచదారతో పోల్చుకుని ఒక దేశంలో కాలుపెట్టారు. మన వారు పంచదార తయారు చేయడానికే ఈ దేశానికి తీసుకురాబడ్డారు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా గిరిమిటి మీద నేటాలుకు వచ్చారు. వారి ముందు ఎవరూ పాలగిన్నె పెట్టలేదు, కత్తి చేతికిచ్చి చెరకు తోట చూపించారు.

బొంబాయిలో ఎదుగుదల

గుజరాతు పల్లెలలో వ్యవసాయం, నేత, చిన్న వ్యాపారాలు చేసుకుంటూ పార్సీలు శతాబ్దాలు గడిపారు. సంజాను నుండి ఎన్నో చోట్లకు మారిన వారి పవిత్రాగ్ని 1742లో ఉద్వాడ గ్రామం చేరి నేటికీ అక్కడ వెలుగుతున్నది. ఇంగ్లీషు కంపెనీ బొంబాయిని పెంచడం మొదలుపెట్టిన తరువాత పార్సీల దశ తిరిగింది.

సూరతులో వడ్రంగిగా ఉన్న లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా 1736లో బొంబాయి వచ్చి ఓడల నిర్మాణం ఆరంభించారు. ఆయన వంశీకులు టేకుతో కట్టిన యుద్ధనౌకలు బ్రిటిష్ నౌకాదళంలో పేరు పొందాయి. 1817లో వారు నీట దింపిన 'ట్రింకోమలీ' అనే నౌక ఇంగ్లండులోని హార్ట్‌లిపూల్ రేవులో నేటికీ తేలుతూ ఉన్నది. ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ 1812లో బొంబాయిలో తొలి గుజరాతీ ముద్రణాలయం పెట్టి, 1822 జులై 1న 'ముంబాయి సమాచార్' పత్రికను ప్రారంభించారు. రెండువందల ఏళ్లు దాటినా ఆ పత్రిక ఆగలేదు. మూడు సంచికలు వెలువడగానే నాలుగవ దానికి డబ్బు ఎక్కడిదని తలపట్టుకునే మనవంటి వారికి ఇది చిన్న సంగతి కాదు.

దానం ఒక వ్యవస్థ

పార్సీ దాతలలో అగ్రగణ్యులు సర్ జంషెడ్‌జీ జీజీభాయి. 1783లో జన్మించి, బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చైనాతో వ్యాపారం చేసి కోట్లకు పడగలెత్తారు. 1845లో బొంబాయిలో తెరిచిన పెద్ద ఆసుపత్రి ఆయన పేరనే ఉన్నది. ఆయన భార్య అవాబాయి మాహిం వద్ద కడలిపాయపై బాట వేయడానికి 1,57,000 రూపాయలిచ్చారు. ఆ బాట మీద నడిచే బీదల నుండి సుంకం వసూలు చేయకూడదని షరతు పెట్టారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. జంషెడ్‌జీ సంపదలో చైనాకు పంపిన నల్లమందు పాలు పెద్దది. ఒక దేశపు ప్రజలను మత్తులో ముంచిన డబ్బు మరొక దేశంలో ఆసుపత్రి అయింది. చెరకు తోటల యజమానుల మేడలు ఎవరి చెమటతో లేచాయో ఎరిగిన మనం ఈ విషయాన్ని దాచకూడదు. దానం గొప్పదే, కాని ధనం ఎక్కడిదని అడిగే హక్కు చరిత్ర చదివేవారికి ఎప్పుడూ ఉంటుంది.

పార్సీల దానంలో గమనించవలసిన విశేషం వేరే ఉన్నది. వారు దానాన్ని ఒక మనిషి ఉదారబుద్ధికి వదిలివేయక ఒక వ్యవస్థగా మలిచారు. ఆస్తిని ధర్మనిధిగా రాసి, దానికి ధర్మకర్తలను నియమించి, వచ్చే ఆదాయం మాత్రమే ఖర్చు చేసేవారు. దాత పోయినా దానం ఆగదు. బీద పార్సీలకు ఇళ్లు, పిల్లలకు చదువు, వృద్ధులకు ఆసరా ఇలా ఏర్పడ్డాయి. అగ్ని ఆలయాలలోకి ఇతరులకు ప్రవేశం లేదు. కాని ఎన్నో ఆసుపత్రులు, కళాశాలలు అందరికీ తెరిచారు. 1886లో పెస్తోంజీ హోర్ముస్‌జీ కామా విరాళంతో స్త్రీలకు, శిశువులకు బొంబాయిలో ప్రత్యేక ఆసుపత్రి వెలసింది. జంషెడ్‌జీ టాటా కలలుగన్న విజ్ఞాన సంస్థ ఆయన మరణించిన ఐదేళ్లకు, 1909లో బెంగుళూరులో రూపు దాల్చింది. ఆయన వారసులు నెలకొల్పిన ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలు చేశారు. సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు తోటలో వంగి పనిచేసిన వారి మనుమలకు ఆ ఎనిమిది గంటల విలువ వేరే చెప్పనవసరం లేదు.

ఉపాధ్యాయుడు దాదాభాయి

నావంటి బడిపంతులుకు అందరికన్నా ప్రియమైన పార్సీ దాదాభాయి నౌరోజీ. 1825లో బీద పురోహిత కుటుంబంలో జన్మించారు. జీతం కట్టనవసరం లేని బడిలో చదివారు గనుక తన విద్య ప్రజల సొత్తు అని, దానిని ప్రజలకే తిరిగి చెల్లించాలని చిన్ననాడే నిశ్చయించుకున్నారు. 1849లో ఆయనా, తోటి యువకులూ బొంబాయిలో ఆడపిల్లలకు బడులు తెరిచి, జీతం లేకుండా ఉదయం పూట పాఠాలు చెప్పారు. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా వాదించిన రోజులవి. తరువాత ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్యులయ్యారు. భారత జాతీయ కాంగ్రెసుకు 1886, 1893, 1906 సంవత్సరాలలో మూడుసార్లు అధ్యక్షులైనారు. 1892లో లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుండి అతి స్వల్ప ఆధిక్యంతో గెలిచి బ్రిటిష్ పార్లమెంటు సభ్యులైనారు. భారతదేశపు సంపద ఇంగ్లండుకు ఎలా తరలిపోతున్నదో లెక్కలు వేసి చూపారు.

1894లో నేటాలు ప్రభుత్వం భారతీయుల ఓటుహక్కు తీసివేయడానికి చట్టం తలపెట్టినపుడు యువకుడైన గాంధీగారు సహాయం కోరుతూ లేఖ రాసినది ఈ దాదాభాయికే. మన గోడును లండన్‌లో వినిపించిన తొలి గొంతులలో ఆయనది ఒకటి. ఫిరోజ్‌షా మెహతా బొంబాయి నగరపాలనకు పునాదులు వేశారు. మదాం కామా 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ మహాసభలో భారత స్వేచ్ఛాపతాకం ఎగురవేశారు.

తెలుగునేలపై పార్సీలు

మన పూర్వుల భాష వినిపించే నేలతోనూ పార్సీలకు సంబంధమున్నది. నిజాం రాజ్యానికి అప్పులిచ్చిన వికాజీ, పెస్తోంజీ మెహర్‌జీ సోదరుల పేర 1847లో సికింద్రాబాదులో అగ్ని ఆలయం వెలసింది. 1904లో హైదరాబాదు ఆబిడ్స్ ప్రాంతంలో మరొకటి, 1920లో సికింద్రాబాదులో ఇంకొకటి నిర్మించారు. పార్సీ నాటక సమాజాల ప్రభావం తెలుగు రంగస్థలం మీద కూడా పడింది. మన నాటకాలలో 'పార్సీ మట్టు'లో కట్టిన పాటలు అందుకు సాక్ష్యం. 1931లో భారతదేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' తీసిన అర్దేషిర్ ఇరానీయే, 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు నిర్మాత. ఆయన వద్ద పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి దానికి దర్శకులు. తెరమీద తెలుగు మొదటిసారి పలికినది ఒక పార్సీ పెట్టుబడితో అన్నమాట.

డర్బన్‌లో రుస్తుంజీ

ఇక మన ఊరికి వద్దాం. నేటాలుకు వచ్చిన పార్సీలు గిరిమిటి కూలీలు కారు, స్వంత ఖర్చుతో వచ్చిన వర్తకులు, గుమాస్తాలు. ఆనాటి తెల్లవారు భారతీయులందరినీ 'కూలీ' అనీ, 'సామీ' అనీ పిలిచేవారు. మనవారి పేర్ల చివర ఉండే 'స్వామి' అనే పూజ్యపదం అలా తిట్టుగా మారింది. ఆ తిట్టు తప్పించుకోవడానికి కొందరు వర్తకులు అరబ్బులమని చెప్పుకునేవారని, పార్సీ గుమాస్తాలు పర్షియనులమని చెప్పుకునేవారని గాంధీగారు తమ ఆత్మకథలో రాశారు. అనగా పైమెట్టు మీద ఉన్నవారు కిందిమెట్టు వారితో కలిపి లెక్కించబడడానికి ఇష్టపడలేదు.

అటువంటి కాలంలో ఆ మెట్లు దిగి వచ్చిన మనిషి పార్సీ రుస్తుంజీ. 1861లో జన్మించి, యౌవనంలోనే నేటాలు చేరి, డర్బన్‌లో పెద్ద వర్తకులైనారు. 1894లో ఏర్పడిన నేటాలు ఇండియన్ కాంగ్రెసుకు మొదటి నుండి అండగా నిలిచారు. 1897 జనవరి 13న ఓడ దిగిన గాంధీగారిని తెల్లవారి గుంపు రాళ్లతో, దెబ్బలతో వెంటాడినపుడు ఆయన తలదాచుకున్నది రుస్తుంజీ ఇంటిలోనే. గుంపు ఆ ఇంటిని చుట్టుముట్టి నిప్పు పెడతామని బెదిరించింది. పోలీసు అధికారి అలెగ్జాండర్ ఉపాయంతో గాంధీగారిని మారువేషంలో బయటకు పంపవలసివచ్చింది. కస్తూర్బా, పిల్లలు ఆ ఇంటిలోనే ఉన్నారు. తన ఆస్తి, తన కుటుంబం కాలిపోగల స్థితిలో కూడా రుస్తుంజీ తలుపు మూసుకోలేదు.

సెయింట్ ఎయిడన్స్ మిషనుకు చెందిన డాక్టర్ బూత్ నడిపిన చిన్న ధర్మాసుపత్రి రుస్తుంజీ విరాళాల వల్ల ఏర్పడింది. గాంధీగారు రోజూ ఒకటి రెండు గంటలు అక్కడ రోగుల బాధలు డాక్టరుకు తెలియజెప్పి మందులు కలిపి ఇచ్చేవారు. అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది గిరిమిటి మీద వచ్చిన తమిళులు, తెలుగువారు, ఉత్తర భారతీయులు అని ఆయనే రాశారు. ఆ వరుసలో నిలబడిన తెలుగువారి పేర్లు చరిత్రకెక్కలేదు. వారిలో మన ముత్తాత, ముత్తవ్వ ఉన్నారేమో! వారి మందుసీసా ఖరీదు మాత్రం ఒక పార్సీ చెల్లించారు.

రుస్తుంజీ దోషం లేని మనిషి కారు. సరుకులపై సుంకం ఎగవేసి ఒకసారి పట్టుబడ్డారు. గాంధీగారి సలహాపై తప్పు ఒప్పుకుని జరిమానా చెల్లించారు. అంతటితో ఆగక, ఆ సంగతంతా రాయించి, అద్దపు చట్రంలో బిగించి, తన వారసులకు, తోటి వర్తకులకు హెచ్చరికగా కార్యాలయంలో గోడకు తగిలించారు. తప్పు చేసేవారు చాలామంది. దానిని తన గోడకే వేలాడదీసుకునేవారు అరుదు.

1895 నాటి చట్టం ప్రకారం గిరిమిటి ముగిసిన తరువాత తిరిగి ఒప్పందం కుదుర్చుకోకుండా, స్వదేశం వెళ్లకుండా ఇక్కడే ఉండదలచిన వారు ఏటా మూడు పౌన్ల పన్ను చెల్లించాలి. తరువాత ఎదిగిన పిల్లలను కూడా ఆ పన్ను కిందికి తెచ్చారు. నెలకు 10 షిల్లింగుల కూలితో జీవితం మొదలుపెట్టిన మనిషికి మూడు పౌన్లంటే ఆరు నెలల సంపాదన. ఈ పన్ను రుస్తుంజీకి లేదు. అయినా 1913 సెప్టెంబరులో కస్తూర్బాతో కూడిన పదహారుమంది సత్యాగ్రహుల తొలి దళంలో ఆయన ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి మూడు నెలల శిక్ష అనుభవించారు. ఆ తరువాత బొగ్గుగనుల్లో, చెరకు తోటల్లో మన వారు వేలాదిగా పని మాని లేచారు. 1914లో పన్ను రద్దయింది. 1908లో ట్రాన్స్‌వాల్ చట్టాన్ని ఎదిరించి జైలుకు వెళ్లిన సొరాబ్‌జీ షాపుర్‌జీ అడాజానియా కూడా పార్సీయే. బొంబాయి నుండి సర్ రతన్ టాటా 1909లో 25,000 రూపాయలతో మొదలుపెట్టి మొత్తం 1,25,000 రూపాయలు ఈ పోరాటానికి పంపారు. రుస్తుంజీ 1924లో మరణించగా కుమారుడు సొరాబ్‌జీ రుస్తుంజీ 1946 నాటి సాత్విక ప్రతిఘటనలో తండ్రి బాటలోనే నడిచారు.

తరుగుతున్న జాతి

ఇంత చేసిన జాతి నేడు తరిగిపోతున్నది. 1941లో అవిభక్త భారతదేశంలో 1,14,890 మంది పార్సీలుండగా 2011 నాటికి భారతదేశంలో మిగిలినది అందులో దాదాపు సగం. ఆలస్యపు వివాహాలు, అవివాహితులుగా ఉండిపోవడం, తక్కువ సంతానం, విదేశాలకు వలస ఇందుకు కారణాలు. మరొక కారణం వారి తలుపు. 1908లో బొంబాయి హైకోర్టు తీర్పు ప్రకారం పార్సీ తండ్రికి అన్య స్త్రీ వలన పుట్టిన పిల్లలు పార్సీలే. కాని అన్యుని పెళ్లాడిన పార్సీ స్త్రీ పిల్లలకు ఆ గుర్తింపు లేదు. దీనిపై వారిలో వారికే నేటికీ వాదం నడుస్తున్నది. జనాభా పెంచడానికి 2013లో భారత ప్రభుత్వమే ఒక పథకం ప్రారంభించవలసివచ్చింది. ధర్మనిధులు కట్టిన ఇళ్లున్నాయి, వాటిలో ఆడుకునే పిల్లలే తగ్గిపోయారు.

మనం నేర్చుకోవలసినది

మన వారిలో కొందరు ఇలా వాదిస్తారు: "పార్సీలు పారశీక భాష వదిలి గుజరాతీ పట్టుకున్నారు. అయినా పార్సీలుగానే మిగిలారు. మనకు మాత్రం తెలుగు ఎందుకు? ఇంగ్లీషు చాలదా?" ఈ వాదం వినడానికి బాగుంటుంది గాని నిలవదు. పార్సీలకు భాష పోయినా, చుట్టూ ఉన్నవారి మతం కంటే వేరైన మతం కంచెగా నిలిచింది. మనకు అటువంటి కంచె లేదు. మన తమిళ, హిందీ సోదరులూ మన దేవుళ్లనే కొలుస్తారు, మన పండుగలనే చేస్తారు. వారికీ మనకూ ఉన్న తేడా అంతా భాషలోనే ఉన్నది. ఆ తెలుగు పోతే మన ఇంటిపేర్లు తప్ప మరేమీ మిగలదు. 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పిన పెద్దలు ఈ సంగతి గ్రహించారు గనుకనే తెలుగు బడులకు పాటుపడ్డారు. వడ్లమిల్లులో బస్తాల మధ్య కూర్చోబెట్టినా, గుడి వసారాలో చాపమీద కూర్చోబెట్టినా అక్షరం అక్షరమే. తల్లి నోట కాక తరగతిలోనే తెలుగు నేర్చుకున్న నేను ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

అయితే కంచె వేరు, గోడ వేరు. మన అమ్మాయి తమిళుల ఇంటి కోడలైతే, మన అబ్బాయి వేరే భాష అమ్మాయిని పెళ్లాడితే, వారి పిల్లలు తెలుగు తరగతికి వచ్చినపుడు మనం మొదట ఏమి అడుగుతున్నాం? ఇంటిపేరు అడుగుతున్నామా, పలక బలపం ఇస్తున్నామా? పార్సీల లెక్కలు చదివిన తరువాత ఈ ప్రశ్నకు ప్రతి సంఘమూ జవాబు చెప్పుకోవలసి ఉన్నది. తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన బిడ్డ తెలుగు బిడ్డే అని నా నమ్మకం.

చివరగా ఒక్క మాట. రుస్తుంజీ తన జాతికి మాత్రమే ఇచ్చి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని నాకు ఉండేది కాదు. తన భాష మాట్లాడని, తన మతం పాటించని, తన దుకాణంలో పెద్దగా కొనగల స్తోమత లేని మనుషులకు ఆయన పెట్టారు. అందుకే నూరేళ్లు దాటినా వారి మనుమలు ఆయన పేరు తలుచుకుంటున్నారు. పంచదార డబ్బాలో ఉన్నంతకాలం దాని తీపి ఎవరికీ తెలియదు. మన సంఘాలకు నేడు హాళ్లున్నాయి, నిధులున్నాయి, చదువుకున్న పిల్లలున్నారు. మన హాలుకు పక్క వీధిలో ఉన్న జూలూ కుటుంబపు బిడ్డకు మన నిధి నుండి ఒక పుస్తకం కొని ఇచ్చిన రోజున మన పూర్వులు తాగిన ఆ మందుసీసా ఋణం కొంతైనా తీరుతుంది.